రెండో గీత

గురువారం పొద్దున ఏడున్నరకు తోర్స్టెన్ ఒక తెల్లకాగితం మీద స్టీలు స్కేలు ఆనించి రెండు గీతలు గీశాడు. మొదటి గీత మీద తన పేరు రాసుకున్నాడు. రెండోది ఖాళీగా వదిలేశాడు. కాగితం పైభాగాన అప్పటికే గుండ్రటి అక్షరాలతో "చిన్న ప్రయాణం: రెండు రోజులు నగరం, ఒక రోజు పల్లె" అని రాసి ఉంది. దాని కింద వివరాలు. సెప్టెంబరు ఆఖరు శుక్రవారం పొద్దుటి రైలుకు స్టాక్‌హోం, సాయంత్రం చర్చిలో ఆర్గన్ కచేరీ, శనివారం మ్యూజియం, ఆదివారం బస్సెక్కి రుస్లాగెన్ పల్లెల వైపు ఒక ఆపిల్ తోట, అక్కడ సరస్సు ఒడ్డున బల్ల మీద కాఫీ. సుండ్స్వాల్ మునిసిపాలిటీలో ముప్పై నాలుగేళ్ళు భూములు కొలిచి రిటైరైన మనిషి కనక, బస్సు దిగే చోటికీ తోటకూ మధ్య ఎన్ని మీటర్లో కూడా రాశాడు.

ఈ కాగితం మూడో అంతస్తులో ఉండే గున్వోర్ కోసం. ఏడు నెలల కిందట, మంచు విపరీతంగా పడిన రోజున గేటు బిగుసుకుపోయి, ఇద్దరూ నాలుగు నిమిషాలు పక్కపక్కన నిలబడాల్సి వచ్చింది. ఆ నాలుగు నిమిషాల్లో ఆమె, "నగరంలో రెండు రోజులు దాటితే నాకు తలనొప్పి. పల్లెలో ఒక రోజు దాటితే విసుగు. అందుకే ఎక్కడికీ పోను" అంది. తోర్స్టెన్ ఆ మాటను ఇంటికి మోసుకెళ్ళాడు. భార్య పోయిన ఆరేళ్ళుగా అతనూ ఎక్కడికీ పోలేదు. సూట్‌కేసులో క్రిస్మస్ దీపాలు పెట్టుకున్నాడు. ఏడు నెలలు కూర్చుని ఆమె అన్న ఒక్క మాటను మూడు రోజుల ప్రయాణంగా మార్చాడు. గున్వోర్ అంటే అతనికి ఇష్టం. ఉన్న సంగతి ఇంతే, దాన్ని చెప్పడమే అతనికి చేతకాలేదు.

నేరుగా వెళ్ళి అడగొచ్చు కదా అని బయటివాళ్ళు అంటారు. మా బిల్డింగులో ఇరవై నాలుగు వాటాలు, ఒకటే మెట్లదారి. బయటికి వెళ్ళే ముందు తలుపుకు చెవి ఆనించి, మెట్ల మీద ఎవరి అడుగులూ వినపడకపోతేనే గడియ తీయడం ఇక్కడి మర్యాద. ఎదురుపడితే ఏదో ఒకటి మాట్లాడాలి; ఎదుటి మనిషిని ఆ ఇబ్బందిలో ఎందుకు పెట్టడం? అలాంటి చోట ఒక పెద్దమనిషి వెళ్ళి ఒక ఆడమనిషి తలుపు తట్టి ఆపిల్ తోటకు రమ్మంటే, ఆమె కాదనాలన్నా కష్టమే, అవుననాలన్నా కష్టమే. అందుకే తోర్స్టెన్ ఆమె పేరు కూడా రాయలేదు. ఇష్టం లేకపోతే చూడనట్టు ఊరుకోవచ్చు. ఆమెకు ఆ దారి ఉంచాలనే రెండో గీతను ఖాళీగా వదిలాడు.

ఇక కాగితం ఎక్కడ పెట్టాలన్నది. బిల్డింగు అడుగున అందరికీ కలిపి ఒకటే బట్టలుతికే గది ఉంది. గోడ మీద బోర్డు, ప్రతి ఇంటికీ నంబరున్న చిన్న తాళం. ఎవరికి కావలసిన గంటల దగ్గర వాళ్ళు తాళం బిగించుకోవాలి. గురువారం ఎనిమిది నుంచి పదకొండు దాకా నాలుగేళ్ళుగా గున్వోర్‌ది. తోర్స్టెన్ ఎనిమిదికి పావుగంట ముందు కిందికి దిగి, బట్టలు మడతపెట్టే బల్ల మధ్యలో కాగితం, పక్కన చెక్కిన పెన్సిలు పెట్టి, వచ్చినంత చప్పుడు లేకుండా పైకెక్కేశాడు.

ఆ రోజు గున్వోర్‌కు పంటి డాక్టరు దగ్గర పని పడింది. తన గంటల్ని రెండో అంతస్తు మాయ్‌బ్రిట్‌కు ఇచ్చేసింది. ఆ సంగతి బోర్డు మీద లేదు.

మాయ్‌బ్రిట్ మా బిల్డింగు సంఘంలో ఉత్సాహానికి పెట్టింది పేరు. డ్రయ్యరు జాలీలో దూది తీయకుండా వెళ్ళినవాళ్ళను తిడుతూ గోడ నిండా చీటీలు అంటించేది ఆవిడే. బల్ల మీద కాగితం చూడగానే ఆవిడ ముఖం వెలిగిపోయింది. రెండో గీత మీద తన పేరు పెద్దక్షరాలతో రాసింది. కింద చోటు మిగిలిపోయిందని, సబ్బు డబ్బా అంచు ఆనించి ఇంకో ఎనిమిది గీతలు గీసింది. కాగితాన్ని తీసుకెళ్ళి గేటు దగ్గరున్న నోటీసు బోర్డుకు ఎర్ర అయస్కాంతంతో అతికించి, పెన్సిలుకు దారం కట్టి వేలాడదీసింది.

నోటీసు బోర్డు మీద గీతలూ, దారానికి పెన్సిలూ కనిపిస్తే పేరు రాయకుండా పోవడం మావాళ్ళ వల్ల కాదు. సాయంత్రానికి ఆరు పేర్లు పడ్డాయి. తొమ్మిదో పేరు ఎవరిదో చెప్పను. ఆ రోజు నాకూ ఏమీ తోచలేదు. శనివారానికి రెండో కాగితం అతికించాల్సి వచ్చింది. పేర్ల పక్కన రాతలు మొదలయ్యాయి: "గింజలు పడవు", "పాలు పడవు", "పాలు పడతాయి, జున్ను పడదు", "కుక్క వస్తుంది, చిన్నదే", "కుక్కలు పడవు".

తోర్స్టెన్ మొదటిసారి ఆ బోర్డు చూసినప్పుడు గబగబా వెనక్కి తిరిగి మెట్లెక్కేశాడు. రెండోసారి చూసినప్పుడు పేర్లు వరసగా చదివాడు. గున్వోర్ పేరు లేదు. ఆ తర్వాత రోజుకు రెండుసార్లు బట్టల బుట్ట పట్టుకుని కిందికి దిగి, ఆ వంకన బోర్డు చూసి వచ్చేవాడు. మాసిన బట్టలు అయిపోయాక పరదాలు ఉతికాడు. పరదాలు అయిపోయాక ఉతికినవే మళ్ళీ ఉతికాడు. ఇరవై మూడు పేర్లు వచ్చాయి; ఆ ఒక్క పేరు రాలేదు.

సోమవారం పొద్దున కాగితాన్ని పీకేద్దామని అయస్కాంతం మీద చెయ్యి వేశాడు. అప్పుడే కింది అంతస్తు నబీల్ లోపలికి వచ్చాడు. నబీల్ సిటీ బస్సు నడుపుతాడు, అలెప్పో నుంచి వచ్చి తొమ్మిదేళ్ళయింది.

"తోర్స్టెన్ గారూ! మీ చెయ్యి ఇవ్వండి ముందు. బస్సు సంగతి మీరేం పెట్టుకోకండి, నేను నడుపుతా" అంటూ అతని చేతిని అయస్కాంతం మీంచి లాగి ఊపేశాడు. "తొమ్మిదేళ్ళండీ. ఈ మెట్ల మీద నన్నెవరూ ఎక్కడికీ పిలవలేదు. మా ఆవిడకి చెప్తే నమ్మలేదు, కిందికొచ్చి చూసి ఫోటో తీసుకెళ్ళింది."

"అది... నేను అనుకున్నదేంటంటే..."

"నాకు తెలుసండీ ఏమనుకున్నారో. అందరూ ఒకళ్ళకొకళ్ళు తెలియాలని. ఇంతమందిలో మీకొక్కరికే తట్టింది!"

తోర్స్టెన్ అయస్కాంతాన్ని కొంచెం సర్ది, "వంకరగా ఉంటేనూ" అన్నాడు. పైకి వెళ్ళి చాలాసేపు కిటికీ దగ్గర కూర్చున్నాడు. ఒక్క మనిషిని పిలవడానికి ఏడు నెలలు పట్టింది. పిలవని ఇరవై ఇద్దరు వారం తిరక్కుండా వచ్చేశారు. అందులో ఒకడు తొమ్మిదేళ్ళుగా పిలుపు కోసం చూస్తున్నాడని ఇప్పుడు తెలిసింది. ఇద్దరం ఒకే మెట్లు ఎక్కుతూ ఎదురుచూస్తూనే ఉన్నామన్నమాట, అనుకున్నాడు. అతనికి సిగ్గేసింది.

మంగళవారం సాయంత్రం ఆరింటికి సంఘం సమావేశం. కాఫీ ఫ్లాస్కులు, దాల్చినచెక్క బన్నులు, అచ్చువేసిన అజెండా. అధ్యక్షుడు హెన్నింగ్ చెక్క సుత్తితో బల్ల మీద కొట్టాడు. పక్కనే మినిట్స్ రాయడానికి కార్యదర్శి కూర్చుంది. కార్యదర్శి గున్వోరే. జిల్లా కోర్టులో రికార్డులు రాసి రిటైరైన మనిషి; దగ్గు తప్ప అన్నీ రాస్తుందని ఆమెకు పేరు.

"అయిదో అంశం, యాత్ర" అన్నాడు హెన్నింగ్.

"నగరానికి రెండు రోజులు దండగ" అని మొదలెట్టింది మాయ్‌బ్రిట్. "ఒక్కపూట చాలు. పల్లెకి రెండు రోజులు పెడదాం."

"పల్లె అంటే మేకలుంటాయా మరి?" అని వెనక నుంచి ఎవరో అడిగారు.

"ఆపిల్ తోటే కదా రాసింది. మేకలు ఎందుకుంటాయి?"

"మేకలు లేని పల్లె మనకెందుకు?"

"మేకలుంటే మా కుక్క ఊరుకోదు, ముందే చెప్తున్నా!"

కుక్కల సంగతి చూడ్డానికి ఒక ఉపసంఘం వేశారు. జున్ను సంగతికి ఇంకోటి. మా దగ్గర చేతులెత్తించి ఓట్లు లెక్కపెట్టడం మొరటు పని. అందరూ ఒప్పుకునేదాకా మాట్లాడుతూనే ఉంటాం. గంట గడిచింది. నబీల్ మటుకు ఒడిలో ఒక పటం పరుచుకుని, రంగు పెన్సిళ్ళతో బస్సు దారి గీసుకుంటున్నాడు.

"ఏమయ్యా తోర్స్టెన్, ఆలోచన నీది, నువ్వే నోరు విప్పవేం?" అన్నాడు హెన్నింగ్.

తోర్స్టెన్ లేచాడు. ఇది యాత్ర కాదు, రెండో గీత ఒక్క మనిషిది, అని చెప్పేయాలనే లేచాడు. కానీ ఎదురుగా నబీల్ పటం ఉంది. పక్కకు చూస్తే గున్వోర్ పెన్ను ఆపి, అతను ఏమంటాడో రాయడానికి సిద్ధంగా ఉంది.

"నాకు ఏదైనా సరే" అని కూర్చున్నాడు.

గున్వోర్ ఆ మాట రాసుకుంది. కాగితం మీద పెన్ను కదిలిన చప్పుడు అతనికి వినిపించింది.

ఏడున్నరకు అందరూ ఒక్క విషయం మీద ఒప్పుకున్నారు. నగరం దూరం, పల్లెలో మేకల సంగతి తేలలేదు కనక రెండూ వదిలేసి, అదే ఆదివారం మన పెరట్లోనే సాసేజీలు కాల్చుకుందాం అని. హెన్నింగ్ సుత్తి ఎత్తాడు. నబీల్ పటాన్ని మెల్లగా మడతపెట్టాడు. ఏడు నెలల పని సాసేజీల పాలైందని తోర్స్టెన్‌కు ఏడుపొచ్చినంత పనైంది.

"కార్యదర్శి మాట్లాడొచ్చా?" అంది గున్వోర్.

నాలుగేళ్ళలో ఆమె సమావేశంలో మాట్లాడటం అదే మొదటిసారి. హెన్నింగ్ సుత్తి గాల్లోనే ఆగింది.

"సాసేజీలు మంచి ఆలోచనే. కాల్చడం నబీల్‌కి అప్పగిద్దాం. కానీ యాత్రని రద్దు చెయ్యడానికి మన దగ్గర ఆధారాలేవీ లేవు. ఇరవై మూడు మందిని చూడని చోటికి తీసుకెళ్ళడం కూడా తప్పే. ముందు ఇద్దరు వెళ్ళి, రెండు రోజులు నగరం, ఒక రోజు పల్లె, కాగితంలో ఉన్నది ఉన్నట్టు చూసొచ్చి నివేదిక ఇవ్వాలి."

గదంతా హాయిగా ఊపిరి పీల్చుకుంది. ఒక పనిని చేయకుండా, మానకుండా, విచారణకు పంపడం కన్నా మాకు నచ్చేది ఇంకొకటి లేదు.

"ప్లాన్ వేసినాయన ఒకరు" అన్నాడు హెన్నింగ్. "రెండో వారు?"

"వరస ప్రకారం రెండో పేరు నాదే కదా!" అంటూ మాయ్‌బ్రిట్ లేచి నిలబడింది. "సూట్‌కేసు సర్దుకుంటా."

ఆర్గన్ కచేరీలో పక్క కుర్చీలో కూర్చుని మాయ్‌బ్రిట్ దూది గురించి మాట్లాడుతున్నట్టు తోర్స్టెన్‌కు కళ్ళకు కట్టింది.

"అలాగే వెళ్ళండి" అంది గున్వోర్, కాగితాలు సర్దుతూ. "అయితే ఆ శనివారం పొద్దుట బట్టల గది మీదే కదూ? మీరు లేరని ఎవరైనా పట్టుకుంటే..."

మాయ్‌బ్రిట్ ముఖం పాలిపోయింది. శనివారం పొద్దుట గంటల కోసం ఆవిడ మూడేళ్ళు ఎదురుచూసింది. అరగంట దాటినా మనిషి రాకపోతే, ఆ గంటలు ఎవరైనా తీసుకోవచ్చునన్నది నిబంధన. ఆ నిబంధన పెట్టించింది ఆవిడే.

"నాకు... రైలు ప్రయాణం పడదు" అని కూర్చుంది.

అప్పుడు నబీల్ గొంతు సవరించుకున్నాడు. తోర్స్టెన్ వైపు చూశాడు, గున్వోర్ వైపు చూశాడు. రోజంతా అద్దంలో వెనక సీట్లు గమనిస్తూ బస్సు నడిపే మనిషికి కొన్ని సంగతులు చప్పున తెలుస్తాయి.

"నివేదిక అంటే రాయడం వచ్చినవాళ్ళు వెళ్ళాలి కదండీ? రాసేది గున్వోర్ గారేగా."

సుత్తి పడింది.

కుర్చీలు సర్దేసి అందరూ వెళ్ళాక, మెట్ల మీద గున్వోర్ ఆగింది. ఎవరైనా వస్తున్నారేమోనని తోర్స్టెన్ అలవాటుగా చెవి పెట్టి విన్నాడు. ఎవరూ లేరు. అయినా అతను పారిపోలేదు.

ఆమె ఫైలు లోంచి ఆ మొదటి కాగితం తీసింది. "రెండే గీతలు స్కేలుతో గీసినవి. మూడో గీత నుంచి అన్నీ వంకరే. ముప్పై ఏళ్ళు కోర్టులో కాగితాలు చూశానండీ, ఎవరు ఎక్కడ చెయ్యి పెట్టారో నాకు చెప్పక్కర్లేదు." కాగితం పైన రాసిన వరస మీద వేలు పెట్టి, "పైగా రెండు రోజులు నగరం, ఒక రోజు పల్లె అన్నది నా మాట. ఆ గేటు దగ్గర" అంది.

"మరి పేరెందుకు రాయలేదు?" అన్నాడు తోర్స్టెన్. "ఎన్నిసార్లు చూశానో. పరదాలు కూడా ఉతికేశాను."

"ఇరవై నాలుగో గీత మీద రాయనా? రెండోది ఖాళీ అయ్యేదాకా ఆగాను."

జేబులోంచి పెన్ను తీసి, మాయ్‌బ్రిట్ పేరును ఒక్క గీతతో శుభ్రంగా కొట్టేసి, పక్కన తన పేరు రాసి, కోర్టు అలవాటు ప్రకారం కొట్టివేత దగ్గర పొట్టి సంతకం పెట్టింది. తోర్స్టెన్ ఆ రాత్రే సూట్‌కేసులోంచి క్రిస్మస్ దీపాలు తీసేశాడు.

సాసేజీల ఆదివారం మా పెరట్లో నబీల్ కాల్చినవి తిని, జున్ను పడనివాళ్ళు, కుక్కలు పడనివాళ్ళు ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు. ఇప్పుడు నెలకోసారి కాలుస్తాడు. పరిశీలన యాత్ర జరిగి మాత్రం రెండేళ్ళయింది. ప్రతి సమావేశంలోనూ హెన్నింగ్ నివేదిక ఏదని అడుగుతాడు. ఇంకొక్కసారి చూసి వస్తే తప్ప ఏమీ తేల్చలేమని సభ్యులిద్దరూ అభిప్రాయపడ్డట్టు గున్వోర్ మినిట్స్‌లో రాసుకుంటుంది. ఇప్పటికి ఏడుసార్లు చూశారు. ఆపిల్ తోట గురించి ఇంకా కొన్ని అనుమానాలు మిగిలే ఉన్నాయట.