పూజ గదిలో లైన్‌మన్

ఆ గురువారం మూర్తి పెట్టుకున్న పనులు చాలా చిన్నవి. పొద్దున్నే కారు కడిగించుకోవాలి, ఇండియన్ స్టోర్‌లో పెసలు, అల్లం కొనాలి, మధ్యాహ్నం భోంచేసి ఓ కునుకు తీయాలి. జనవరి చలిలో, ప్లేనోలో, రిటైరైన ఇంజనీరుకి ఇంతకంటే ఏం కావాలి?

"పెసలు మర్చిపోకండి," అంది భార్య కామేశ్వరి గుమ్మం దాకా వచ్చి. "నానబెట్టాలి. సాయంత్రం కోడీ వస్తాడు. రేపే వాడి ఆల్జీబ్రా పరీక్ష."

కోడీ పక్కింటి కుర్రాడు. తల్లి డెబ్బీ ఆసుపత్రిలో నర్సు. ఒంటరి మనిషి. ఆవిడ డ్యూటీ ముగించుకుని వచ్చేదాకా, రెండో తరగతిలో ఉన్నప్పటినుంచీ వాడు ఈ ఇంట్లోనే ఉండేవాడు. ఒకప్పుడు కాకినాడలో లెక్కల లెక్చరరుగా పనిచేసిన కామేశ్వరి వాడికి ఎక్కాల దగ్గర్నుంచి చెబుతూ, తను వండిందేదో పెడుతూ వచ్చింది. ఇప్పుడు వాడు హైస్కూల్ ఆఖరి సంవత్సరం. గుమ్మంలో తల వంచుకుని లోపలికి వస్తాడు. స్కూలు అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో లైన్‌మన్. ఆ మాట మొదటిసారి విన్నప్పుడు మూర్తి వాడికి కరెంటాఫీసులో ఉద్యోగం వచ్చిందనుకుని సంతోషించాడు. బంతి విసిరేవాడి మీద ఎవరూ పడకుండా గోడలా అడ్డం నిలబడటమే వాడి పని అని తర్వాత తెలిసింది.

ఆ గోడ కావాలని స్టేట్ యూనివర్సిటీ అడిగింది. చదువంతా ఉచితం. ఒక్కటే మెలిక, ఆల్జీబ్రా పాసవ్వాలి. పాసవ్వకపోతే ఆడే అర్హత ఉండదు, అర్హత లేకపోతే స్కాలర్‌షిప్ ఉండదు, స్కాలర్‌షిప్ లేకపోతే డెబ్బీ జీతంతో కాలేజీ అయ్యే పని కాదు.

ఇండియన్ స్టోర్‌లో కూరగాయల దగ్గర రామమోహన్ కనిపించాడు. మూర్తికి పాత స్నేహితుడు, ఫుట్‌బాల్ పిచ్చి ఉన్నవాడు. బెండకాయల కొసలు తుంచి లేతవి ఏరుకుంటున్నాడు.

"ఏమోయ్, మీ పక్కింటి కుర్రాణ్ణి మీ యూనివర్సిటీ తీసుకుంటోందటగా!"

"అవును. మా ఆవిడే లెక్కలు చెబుతోంది. సాయంత్రం వస్తాడు, పెసరట్లు తింటాడు, లెక్కలు చేసుకుంటాడు."

బెండకాయ తుంచడం ఆగిపోయింది.

"నువ్వు ఎమ్మెస్ అక్కడే కదా చేసింది? ఏటా డొనేషన్ కూడా ఇస్తావు కదూ?"

"ఇస్తాను. టీషర్ట్ పంపిస్తారు."

"అయితే నువ్వు బూస్టర్‌వి!"

బూస్టర్ అంటే మూర్తికి తెలిసింది టెటనస్ ఇంజెక్షన్ ఒక్కటే.

"అది కాదయ్యా," అన్నాడు రామమోహన్ గొంతు తగ్గించి. "కాలేజీకి డబ్బిచ్చే పెద్దమనుషుల్ని బూస్టర్లంటారు. కాలేజీ తీసుకోబోయే ఆటగాడికి మీరు ఏదీ ఫ్రీగా ఇవ్వకూడదు. కారివ్వకూడదు, బట్టలు కొనకూడదు, భోజనం పెట్టకూడదు. పెట్టినట్టు తెలిస్తే వాడి అర్హత పోతుంది. కాలేజీ ఆటల్ని శాసించే ఎన్‌సీఏఏ వాళ్ల రూలు. వాళ్లు కన్నేశారంటే కోచ్‌ల ఉద్యోగాలే ఊడిపోతాయి, నువ్వెంత!"

"పెసరట్టు కూడానా?"

"ఉప్మాతోనా, ఉత్తదా?"

"ఉప్మాతోనే."

రామమోహన్ కాసేపు ఆలోచించాడు. "అయితే మరీ ప్రమాదం," అన్నాడు.

కారులో కూర్చున్నాక మూర్తికి తాళంచెవి పెట్టాల్సిన చోటు దొరకలేదు. స్కాలర్‌షిప్ కబురు వచ్చిన రోజు డెబ్బీ యూనిఫాంలోనే పరుగెత్తుకొచ్చి, డ్రైవ్‌వేలో తనను పట్టుకుని ఏడ్చింది. ఆ పిల్లవాడి భవిష్యత్తు తన ఇంటి పెనం మీద మాడిపోబోతోంది. ఇన్నేళ్లుగా వాడు తిన్న అట్లెన్ని? లెక్కల లెక్చరర్ మొగుడై ఉండి కూడా ఆ గుణకారం చేయడానికి అతనికి ధైర్యం చాలలేదు.

ఒక్కటే దారి కనిపించింది. తను బూస్టర్ కాకుండా పోవాలి. అక్కడినుంచే యూనివర్సిటీ పూర్వ విద్యార్థుల ఆఫీస్‌కి ఫోన్ చేశాడు.

"నేను ఇకమీదట డొనేషన్ ఇవ్వను. ఇప్పటిదాకా ఇచ్చినట్టు కూడా ఎక్కడా ఉండకూడదు," అన్నాడు.

"అయ్యో, ఏమైంది సర్?" అంది అవతలి అమ్మాయి. "ఎవరైనా మిమ్మల్ని నొప్పించారా?"

"అది ఫోన్‌లో చెప్పే విషయం కాదు. ఫుట్‌బాల్ సంగతి. నేను నోరు విప్పితే ఒక పిల్లవాడి జీవితం నాశనమవుతుంది."

ఆ అమ్మాయి గొంతు బాగా తగ్గించింది. "సర్, దయచేసి ఈ విషయం ఇంకెవరితోనూ మాట్లాడకండి. మేమే మీ ఇంటికి మనిషిని పంపిస్తాం."

మనిషిని పంపిస్తారట! ఎవర్ని? యూనివర్సిటీ పోలీసులా, మామూలు పోలీసులా? కారు కడిగించే మాట మరిచిపోయి మూర్తి తిన్నగా ఇంటికి వచ్చిపడ్డాడు. వస్తూనే కిటికీల బ్లైండ్స్ అన్నీ దించాడు. గోడ మీదున్న తన ఎమ్మెస్ పట్టాను వెనక్కి తిప్పి తగిలించాడు.

"వాడు ఇవాళ మనింటికి రాకూడదు," అన్నాడు రొప్పుతూ.

"పరీక్ష రేపు పెట్టుకుని రావద్దంటానా? మీకేమైనా జ్వరమా?" అంది కామేశ్వరి. సంగతంతా విన్నాక కూడా ఆవిడ పెసలు కడగడం ఆపలేదు.

"పోనీ రానీ. అట్టు మాత్రం పెట్టకు. నీకు దణ్ణం పెడతాను."

"ఖాళీ కడుపుతో వర్గమూలాలు ఎవడికి ఎక్కుతాయండీ? వాడు ఆటగాడని పెట్టానా? ఆకలేస్తోందంటే పెట్టాను."

"ఆ ముక్క వాళ్లకెవరు చెబుతారు?"

"నేను చెబుతాను, రమ్మనండి."

సాయంత్రం కోడీ వచ్చాడు. పడవల్లాంటి బూట్లు గుమ్మం దగ్గర విప్పి, "హాయ్ అంకుల్," అని బల్ల దగ్గర కూర్చున్నాడు. అంకుల్ కిటికీ సందులోంచి వీధి చూస్తున్నాడు. కోడీ మొహం కూడా ఏం బాగాలేదు.

"ఆంటీ, నాకు భయంగా ఉంది," అన్నాడు. "పోతే అమ్మకి మొహం ఎలా చూపించాలి?"

"భయం తర్వాత పడుదువుగాని. ముందు ఈ లెక్క చెయ్యి," అంటూ ఆవిడ వంటింట్లోకి వెళ్లింది.

అప్పుడే ఇంటిముందు ఒక కారు ఆగింది. దిగిన మనిషి జాకెట్ మీద స్టేట్ యూనివర్సిటీ ముద్ర. పేపర్లో ఫోటో చూసిన మొహమే. హెడ్ కోచ్ బ్రిగ్స్!

మూర్తి పరుగున బల్ల దగ్గరికి వచ్చాడు. "లే! లే!" అని కోడీ భుజం పట్టుకు లాగాడు. కొండను లాగినట్టే ఉంది. "ఒక్క మాట అడక్కు. నీ చదువు నిలబడాలంటే ఇందులో దూరు." మెట్లకింద బట్టల అలమరాని పూజ గదిగా మార్చుకున్నారు వాళ్లు. పుస్తకంతో, పెన్సిల్‌తో సహా కోడీని అందులోకి తోసి తలుపు మూశాడు. తలుపు పూర్తిగా పడలేదు. మోకాలు అడ్డం వచ్చింది. భుజంతో ఒక్క నెట్టు నెట్టాడు.

కోచ్ బ్రిగ్స్ వినయంగా లోపలికి వచ్చాడు. పూర్వ విద్యార్థుల ఆఫీస్ అతనికి హడలెత్తిపోయి ఫోన్ చేసింది. ప్లేనోలో ఒక దాతకు ఫుట్‌బాల్ జట్టు వల్ల ఏదో ఘోరమైన అన్యాయం జరిగిందట, పిల్లవాడి జీవితం అంటున్నాడట, పేపర్లకెక్కకముందే చల్లబరచమంది. ఎలాగూ ఆ సాయంత్రం డెబ్బీని, కోడీని చూడటానికి ఆ వీధికే రావాల్సి ఉంది కాబట్టి, ఓ గంట ముందుగా ఇటు వచ్చాడు.

"సర్, మావాళ్లు ఏం తప్పు చేశారో నాతో చెప్పండి," అన్నాడు.

తనను పరీక్షిస్తున్నాడనుకున్నాడు మూర్తి. "ఏ తప్పూ లేదు. ఇక్కడ ఎవరూ ఏమీ తినలేదు," అన్నాడు.

కోచ్‌కి అర్థం కాలేదు. బూట్లు విప్పడం ఈ ఇంటి పద్ధతని చూసి, వంగి తనవి విప్పి పక్కన పెట్టబోయాడు. అక్కడున్న జత పక్కన తన బూట్లు పిల్లవాడి చెప్పుల్లా కనిపించాయి.

"ఇవి ఎవరివి సర్?"

"నావే."

కోచ్ మూర్తి పాదాల వంక చూశాడు. మూర్తి అయిదడుగుల నాలుగంగుళాల మనిషి.

"చలికాలం కదండీ," అన్నాడు మూర్తి, "సాక్స్ మీద సాక్స్ వేస్తాను."

ఇంతలో కామేశ్వరి అట్ల పళ్లెంతో వచ్చింది. కొత్త మనిషిని చూసి, వచ్చినవారికి పెట్టకుండా ఉండలేని మనిషి కనుక, పళ్లెం అతని ముందే పెట్టింది. కాదనడానికి భయపడి కోచ్ ఒక ముక్క తిన్నాడు. తర్వాత భయంతో నిమిత్తం లేకుండానే రెండట్లు తిన్నాడు.

పూజ గదిలో గంట మోగింది.

"గాలికి," అన్నాడు మూర్తి. తలుపులు, కిటికీలు అన్నీ మూసి ఉన్నాయి.

గంట మళ్లీ మోగింది. ఆ వెనకే లోపలినుంచి గొంతు వినిపించింది. "ఆంటీ! x కి రెండు జవాబులొచ్చాయి. రెండూ రాయాలా?"

"రెండూ తీసుకెళ్లి పై సమీకరణంలో పెట్టి చూడు. ఒకటి నిలబడదు," అంది కామేశ్వరి అలవాటుగా. అని, చుట్టూ చూసింది. "వాడు దేవుడి గదిలో ఎందుకున్నాడు?"

కోచ్ లేచి తలుపు తీశాడు. తాను రెండేళ్లుగా వెంటపడుతున్న ఆటగాడు, నుదుటికి కుంకుమ, భుజాన అగరుబత్తీల బూడిదతో, మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని లెక్క చేస్తున్నాడు.

"హాయ్ కోచ్," అన్నాడు కోడీ.

మూర్తి కుర్చీలో కూలబడిపోయాడు. "తప్పంతా నాది," అన్నాడు. "నేను బూస్టర్ని. వాడికేం తెలియదు. కావాలంటే నా డిగ్రీ వెనక్కి తీసుకోండి, వాడి స్కాలర్‌షిప్ మాత్రం తీయకండి." కళ్లలో నీళ్లు తిరిగాయి. కోడీ వచ్చి అతని పక్కన నేలమీద కూర్చున్నాడు. కూర్చున్నా మూర్తి కంటే ఎత్తుగానే ఉన్నాడు.

కామేశ్వరి మాత్రం కోచ్‌కి ఉన్నదున్నట్టు చెప్పింది. ఎక్కాలు, అట్లు, డెబ్బీ రాత్రి డ్యూటీలు, అన్నీ. కోచ్ మొహంలో రంగు తగ్గుతూ వచ్చింది. ఫోన్ తీసి, ఇలాంటి రూల్స్ చూసుకునే తమ యూనివర్సిటీ అధికారిణికి చేసి స్పీకర్‌లో పెట్టాడు.

ఆవిడ గొంతు కత్తిలా ఉంది. "ఈ కుటుంబం మీకు ఎప్పటినుంచి తెలుసు?"

"రెండో తరగతి నుంచి," అంది కామేశ్వరి.

"అప్పటికి అతను ఫుట్‌బాల్ ఆడతాడని మీకు తెలుసా?"

"అప్పటికి వాడు ఎదురింటి పిల్లిని చూసి ఏడ్చేవాడమ్మా."

"పక్కింటి పిల్లలందరికీ ఇలాగే పెడతారా?"

"ఎవరొస్తే వాళ్లకి. ఇప్పుడు మీ కోచ్‌గారికి మూడోది వేస్తున్నాను."

ఫోన్‌లో కాగితాలు తిప్పుతున్న చప్పుడు. మూర్తి కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

"ఆటతో సంబంధం లేకుండా, ఆటకు ముందునుంచీ ఉన్న చుట్టరికంలాంటిది ఇది," అంది ఆవిడ. "తప్పేమీ లేదు. అబ్బాయి అర్హతకు ఏ ఇబ్బందీ లేదు. రేపు పరీక్ష బాగా రాయమనండి."

మూర్తి కళ్లు తెరిచాడు. కోడీ అతన్ని కుర్చీతో సహా పైకెత్తేశాడు.

"ఒక్క నిమిషం," అంది ఫోన్‌లో గొంతు. "కోచ్, మీరిప్పుడు ఎక్కడున్నారు?"

కోచ్ నోట్లో అట్టు ఆగిపోయింది.

"డొనేషన్ ఇచ్చే మనిషి ఇంట్లో, ఆ మనిషి ఎదురుగా, మీరు తీసుకోబోయే ఆటగాడితో కూర్చున్నారా?"

"వాడు ఇక్కడున్నట్టు నాకు తెలీదు. పూజ గదిలో..."

"తలుపు ఎవరు తీశారు?"

"నేనే," అన్నాడు కోచ్ బ్రిగ్స్ సన్నగా. మూర్తి జాలిపడి మంచినీళ్ల గ్లాసు అందించాడు.

ఆటగాణ్ణి దాత ఇంట్లో కలవకూడదన్న నియమం ఒకటుందని, దాన్ని మీరింది కోచ్ ఒక్కడేనని తేలింది. చిన్న ఉల్లంఘనే కాబట్టి చిన్న శిక్ష. రూల్స్ పరీక్ష మళ్లీ రాసి పాసయ్యేదాకా ఆటగాళ్ల కోసం ఊళ్లు తిరగకూడదు.

మర్నాడు కోడీ మొదటి ప్రయత్నంలోనే ఆల్జీబ్రా పాసయ్యాడు. కోచ్ బ్రిగ్స్‌కి మాత్రం రెండోసారి రాయాల్సి వచ్చింది.