ఆరెకరాల నేలకు అనారోగ్య సెలవు

భూమి కూడా ఉద్యోగే. ఈ మహాసత్యాన్ని మొట్టమొదట గుర్తించిన ఘనత మా భూమి హాజరు కార్యాలయానిది. ఉద్యోగి అన్నాక హాజరుపట్టీ ఉండాలి, పైన ఒక అధికారి ఉండాలి, అడిగిన సెలవు దొరకకుండా ఉండాలి. ఈ సౌకర్యాలన్నీ మా మైదానంలో ప్రతి సెంటు భూమికీ సమకూరాయి.

పూర్వం ఇక్కడ నడుము లోతు గడ్డి, అక్కడక్కడా ముళ్లచెట్లు ఉండేవి. గడ్డి ఏ పనీ చేయదు కాబట్టి (హాజరు కూడా పలకదు) దాన్ని దున్నించేసి ఏడాదికి మూడు పంటల మొక్కజొన్న వేయించారు. షరతు ఒకటే. అనుమతి లేకుండా ఒక్క పంటకాలం ఖాళీగా ఉంచినా దాన్ని సోమరి భూమిగా ప్రకటించి వేరేవాళ్లకు రాసిచ్చేస్తారు.

పన్నెండేళ్లు గడిచాక ఒక రైతమ్మ ఆ కార్యాలయం కిటికీ దగ్గరికి వచ్చింది. వరుసలో ఆమె వెనకే నేనున్నాను (నా పని ఇంకా కాలేదు). ఆమెకున్నదల్లా ఆరెకరాలు.

"ఒక్క ఏడాది బీడుగా వదిలేస్తానండీ. కాస్త గడ్డి మొలిస్తే నేల నిలుస్తుంది. గాలి వీచిందంటే మట్టంతా లేచిపోతోంది" అంది.

గుమస్తా తల ఎత్తలేదు. "ఏ సెలవమ్మా? అనారోగ్యమా, సొంత పనా?"

"నేలకి సొంత పనేముంటుందండీ?"

"అయితే అనారోగ్యం. రోగిని తీసుకురండి."

మర్నాడు ఆమె రోగిని పాలడబ్బాలో పట్టుకొచ్చింది. గుమస్తా మూత తీసి, డబ్బాను చెవి దగ్గర ఆడించి చూశాడు.

"ఇవి గులకరాళ్లమ్మా. నమూనా అంటే మట్టి ఉండాలి."

"మట్టే ఉంటే మీ దాకా ఎందుకొస్తాను బాబూ?"

దరఖాస్తులో ఈ ప్రశ్నకు గడి లేదు. అందుకని భూమి వైద్యుడే స్వయంగా పొలానికి వెళ్లి నమూనా తేవాలని సెలవుల అధికారి ఆదేశించాడు. వైద్యుడు సంచీ తగిలించుకుని వరండా దాకా వెళ్లాడు. జీపు చెడిపోయి ఉంది.

ఇక్కడ ఆ వరండా గురించి చెప్పాలి. అందులో పన్నెండు పూలకుండీలు ఉన్నాయి. రోజూ మధ్యాహ్నం గాలికి బల్లల మీద, ఫైళ్ల మీద వేలెడు మందాన ఎర్రమట్టి పేరుకుంటుంది. ఊడ్చే ఆయాకు దాన్ని పారబోయడానికి మనసొప్పదు, కుండీల్లో పోస్తుంది. మొక్కలు ఏపుగా పెరిగి అధికారి కిటికీకి నీడ పట్టాయి. ఉత్తమ కార్యాలయం బహుమతి కూడా వాటి పుణ్యమే.

వైద్యుడు దగ్గర్లో ఉన్న కుండీలోంచి గుప్పెడు మట్టి తీసుకుని పరీక్షకు పంపాడు. ఫలితం వారంలో వచ్చింది. "రోగి సంపూర్ణ ఆరోగ్యంతో ఉన్నది. సెలవు నిరాకరించడమైనది."

ఆ కాగితం పట్టుకుని రైతమ్మ వరండా మెట్ల మీద కూలబడింది. కాసేపటికి పక్కనున్న కుండీలో చెయ్యి పెట్టి, మట్టి నలిపి చూసింది. మైదానంలో ఎర్రనేల ఆమె ఆరెకరాలే, మిగతాదంతా బూడిదరంగు.

"ఇది నాదే" అంది.

"మధ్యాహ్నం గాలి మీ వైపు నుంచే అక్కా, రోజూ రెండేసి చేటలు ఎత్తుతాను" అంది ఆయా.

రైతమ్మ నేరుగా సెలవుల అధికారి గదిలోకి వెళ్లింది. "సార్, నా మట్టి మీ కుండీల్లో ఉంది. నాకిప్పించండి."

అధికారి కళ్లజోడు పెట్టుకుని నిబంధనల పుస్తకం తిరగేశాడు. "అంటే సెలవు మంజూరు కాకముందే మీ భూమి పని వదిలేసి వచ్చేసిందని మీరే ఒప్పుకుంటున్నారు."

"అది రాలేదండీ, గాలికి కొట్టుకొచ్చింది."

"పనికి రానివాళ్లందరూ ఏదో ఒకటి చెబుతారమ్మా."

 రైతమ్మ గదిలోంచి బయటికొచ్చాక ఆమె ముఖం చూడడానికి నాకు సిగ్గేసింది. అయినా వరుసలో నా చోటు వదల్లేదు.

అనుమతి లేని గైర్హాజరు కింద ఆరెకరాలూ సోమరి భూమి అయిపోయాయి. ఆ మాట రాసిన బోర్డు పాతడానికి నలుగురు గడ్డపారలతో వెళ్లారు. ఎక్కడ పొడిచినా రాయే తగిలింది, గుంజ దిగలేదు. చివరికి కార్యాలయం నుంచి ఒక పూలకుండీ తెప్పించి, బోర్డును అందులో నిలబెట్టారు.

ప్రస్తుతం ఆ ఆరెకరాల్లో మట్టి ఉన్నది ఆ కుండీలోనే. ముట్టుకుంటే శిక్షార్హులని దాని మీద రాసి ఉంది.