కళ్లు మూసుకున్న కోచ్

జూన్ నెలలో సీడర్ నది ఒడ్డున కాటన్‌వుడ్ చెట్లు దూది విడుస్తాయి. ఆ శనివారం ఉదయం కూడా ప్రూయిట్ల వంటింటి కిటికీ బయట దూదిపింజలు ఎక్కడికీ పోవలసిన పని లేనట్టుగా తేలుతున్నాయి. ఆల్డెన్ ప్రూయిట్ కాఫీ కప్పుతో నిలబడి వాటినే చూస్తున్నాడు. ప్రతి ఏడూ ఈ రోజుల్లో ఆయన ఉత్తరాన ఒక సరస్సు మీద, పడవలో వెల్లకిలా పడుకుని, చేపలు ఎగిరిపడే చప్పుడు వింటూ ఉండేవాడు. ఈ ఏడు సరస్సు ప్రయాణం మానుకున్నారు. కొడుకు టోబిన్‌ను బేస్‌బాల్ షోకేస్‌కు తీసుకువెళ్లాలి.

షోకేస్ అంటే, రుసుము చెల్లించిన హైస్కూలు పిల్లలు ఒక మైదానంలో చేరి, అద్దాల బీరువాలో బొమ్మల్లా వరసగా నిలబడి, పరుగెత్తి, విసిరి, కొట్టి చూపిస్తారు. కళాశాలల కోచ్‌లు వచ్చి చూసి, నచ్చినవాణ్ణి తమ జట్టులోకి పిలుస్తారు. నిజంగా పిలుస్తారా అన్న విషయంలో ఆ ఊళ్లో రెండు అభిప్రాయాలుండేవి. రుసుము కట్టినవారూ కట్టించుకున్నవారూ తప్పక పిలుస్తారనేవారు; తక్కినవారు నవ్వి ఊరుకునేవారు. టోబిన్‌కు బడిలో మిగిలింది ఒక్క ఏడాది. ఈ వేసవిలో ఏ కోచ్ కంటా పడకపోతే, బడితోపాటు అతని ఆట కూడా ముగిసిపోతుంది. అతనికి బంతి విసరడం తప్ప మరో ఆశ లేదు.

"ఇవాళ నువ్వు ఎవరితోనూ మాట్లాడకూడదు" అంది ఆయన భార్య మార్లీస్, నిమ్మరసం సీసాలు సర్దుతూ.

"వాళ్లే పలకరిస్తే?"

"పలకరించినా సరే. ఏప్రిల్‌లో ఏం జరిగిందో మర్చిపోయావా? ఆ కోచ్ పాపం మనవాడి ఆట చూద్దామని వస్తే, గడ్డికి ఏ వేళప్పుడు నీళ్లు పెట్టాలో చెప్తూ నిలబెట్టేశావు. వీడు విసిరి దిగిపోయేదాకా ఆయనకి తల తిప్పే సందివ్వలేదు."

"ఆ గడ్డి నిజంగానే ఎండిపోయింది, మార్లీస్."

"అదిగో, మళ్లీ మొదలు."

టోబిన్ బూట్ల తాళ్లు బిగిస్తూ, "నాన్నా, నువ్వు ట్రక్కులోనే పడుకోరాదూ" అన్నాడు, చాలా మర్యాదగా.

తోటలకు నీటిగొట్టాలు అమర్చే కంపెనీలో ఇరవయ్యేళ్లుగా పనిచేస్తున్న మనిషికి గడ్డి విషయంలో మౌనం పాటించడం చిన్న త్యాగం కాదు. అయినా ఆల్డెన్ మాట ఇచ్చాడు. "సాయంత్రం ఇల్లు చేరేదాకా నోరు విప్పను. సరేనా?"

మైదానం దగ్గర భార్యనూ కొడుకునూ దింపి, ట్రక్కును దూరంగా చెట్ల కింద నిలిపి, ఆయన ఫ్లాస్కులోంచి కాఫీ వంపుకుంటూ దూది వైపు చూశాడు. చూసినంతసేపూ వంపుతూనే ఉన్నాడు. మార్లీస్ ఇస్త్రీ చేసి ఇచ్చిన తెల్లచొక్కా గోధుమరంగుకు తిరిగింది. వెనక సీటు మీద కంపెనీ చొక్కా ఒకటి పడి ఉంది. దాని రొమ్ము మీద ఒంటికాలిపై నిలబడ్డ నీలికొంగ. కొంగ కింద ఉండవలసిన కంపెనీ పేరు ఏనాడో ఉతుకుల్లో ఊడిపోయింది. కొంగను మాత్రం గట్టి దారంతో కుట్టారు. ఆయన అది తొడుక్కుని నీడ కోసం బయలుదేరాడు.

ఆ మైదానం మొత్తంలో నీడ ఒక్క చోటే పడుతోంది: బ్యాటర్ నిలబడే స్థలానికి వెనక, వలకు ఇవతల, వరసగా వేసిన మడతకుర్చీల మీద. అక్కడ కొందరు మగవాళ్లు బంతి వేగం కొలిచే రాడార్ గన్‌లు పట్టుకుని గంభీరంగా కూర్చున్నారు. చివరి కుర్చీ ఖాళీగా ఉంది. ఆల్డెన్ అందులో కూర్చున్నాడు.

పక్క కుర్చీలోని మనిషి రోలండ్ మీక్స్. కళాశాల జట్లు చొక్కాల మీద ఇటువంటి పక్షినో జంతువునో గుర్తుగా కుట్టించుకుంటాయి. అతను కొంచెంసేపు కొంగవైపు చూసి, "ఎక్కణ్ణించండీ?" అని అడిగాడు.

ఆల్డెన్ మందహాసం చేసి, పెదాల మీద వేలు పెట్టుకున్నాడు.

ఇక్కడ ఒక నియమం గురించి చెప్పాలి. ఆట జరుగుతున్నంతసేపూ కళాశాల కోచ్‌లు పిల్లలతోగాని వారి తల్లిదండ్రులతోగాని మాట్లాడరాదు. అందువల్ల ఇటువంటి చోట్ల ఎవరు ఎవరో తేల్చుకోవడానికి అందరికీ తెలిసిన పద్ధతి ఒకటుంది. మాట్లాడేవాడు తండ్రి, మాట్లాడనివాడు కోచ్. అంత నిష్ఠగా మాట్లాడనివాడు ఎంత పెద్ద కోచ్ అయి ఉంటాడో మీక్స్ ఊహించుకున్నాడు. ఊహించుకుని, మెల్లగా లేచి, తల్లిదండ్రుల గుడారం వైపు నడిచాడు.

ఎండ ముదిరింది. దూది మైదానం మీదికి కూడా వచ్చి, విసిరేవాళ్ల మిట్ట చుట్టూ తిరుగుతోంది. ఆల్డెన్ కళ్లు మూసుకున్నాడు. మూసుకోగానే మైదానం సరస్సయింది. బ్యాటర్ వెనక బంతి పట్టే క్యాచర్ గ్లవ్‌లో అది పడ్డప్పుడల్లా ఎక్కడో నీళ్లలో ఒక చేప ఎగిరి పడింది. చిన్న చేపకు ఆయన ముఖంలో కదలిక లేదు. పెద్ద చేప పడితే తల కొద్దిగా ఊగింది, పెదవి మీద చిరునవ్వు మెదిలింది. తన చుట్టూ కుర్చీలు దగ్గరకు జరుగుతున్న సంగతి ఆయనకు తెలియలేదు.

"గన్ను కూడా లేదు చూడండి" అని ఎవరో గుసగుసలాడారు. "చప్పుడు విని వేగం చెప్పేస్తాడు. పాతకాలపు మనిషి."

"ఇందాకటి వాడికి తలూపాడు. నా గన్‌లో చూస్తే వాడిదే ఎక్కువ."

"మా వాడికి ఊపలేదేం?"

"మీ వాడికి నేనూ ఊపను."

వార్త గుడారం చేరింది. బయలుదేరినప్పుడు అది నీలికొంగే. నీళ్ల కుళాయి దగ్గర బాతయింది. మార్లీస్ చెవిన పడేసరికి గద్ద అయింది. పడమటి రాష్ట్రాల్లో గద్ద గుర్తున్న పెద్ద విశ్వవిద్యాలయం ఒకటి ఉండే తీరాలని అందరూ ఒప్పుకున్నారు. నిర్వాహకుడు లైల్ హెగ్గర్టీకి తన జాబితాలో గద్ద ఎక్కడా కనపడలేదు గాని, పిలవని గొప్పవాడు రావడం పిలిచినవాడు రావడంకన్నా గౌరవమని భావించి, మైకులో "ఈ రోజు మన మధ్య ఒక విశిష్ట అతిథి ఉన్నారు. దయచేసి ఆయన ఏకాగ్రతకు భంగం కలిగించవద్దు" అని ప్రకటించాడు.

ఆ ప్రకటనతో ఏకాగ్రతకు భంగం మొదలైంది. తల్లులు ఒకరి తరువాత ఒకరు కేకులు, చల్లటి నీళ్లు, కొడుకుల ఫొటోలు పట్టుకుని వచ్చారు. ఆల్డెన్ ఇచ్చిన మాటకు కట్టుబడి, అన్నింటికీ తల అడ్డంగా ఊపి కళ్లు మూసుకున్నాడు.

"ఎవరి చేతి నీళ్లూ ముట్టడంలేదమ్మా. నిప్పులాంటి మనిషి" అంది మార్లీస్‌కు ఆ ఉదయమే పరిచయమైన ఓ తల్లి, డెనీస్, గుడారంలోకి తిరిగివచ్చి.

"నా నిమ్మరసం తీసుకెళ్లు, డెనీస్" అంది మార్లీస్. "నేనే వస్తే బాగుండదు. మా వాడి వంతు దగ్గరపడింది."

"మీ ఆయనేడీ?"

"ట్రక్కులో నిద్రపోతుంటాడు. ఇవాళ్టికి అదే పదివేలు."

డెనీస్ చేతిలో పసుపుపచ్చ ప్లాస్టిక్ కప్పు చూసి ఆల్డెన్ ఆగిపోయాడు. అంచు మీద టోబిన్ పసితనంలో కొరికిన పంటిగాట్లున్నాయి. మార్లీస్‌కు తన మీద కోపం పోయిందన్నమాట. ఆయన హృదయం చల్లబడింది. కప్పు రెండు చేతులతో అందుకుని, చివరి చుక్కదాకా తాగి, గుండె మీద చెయ్యి వేసుకున్నాడు.

"తాగాడు" అంది డెనీస్ పరుగున వచ్చి. "నీది ఒక్కటే తాగాడే. పైగా గుండె మీద చెయ్యి కూడా వేసుకున్నాడు."

మార్లీస్ నిమ్మరసం సీసాలు అక్కడే వదిలేసింది. కొడుకు కోసం వెతుకుతూ వెళ్లింది.

ఆ సమయానికి ఆల్డెన్ పక్కన, మీక్స్ ఖాళీ చేసిన కుర్చీలో, ఇరవై అయిదేళ్ల యువకుడొకడు కూర్చుని ఉన్నాడు. అతని పేరు హాస్కెల్ బ్రాంట్. ఓల్డ్‌హామ్ ఫెర్రీ అనే చిన్న కళాశాలలో సహాయ కోచ్‌గా కొత్తగా చేరాడు. ఎవరిని చూడమని పంపారో ఆ కుర్రవాడు జ్వరంతో రాలేదు. ఇక ఎవరిని చూడాలో తెలియక, అతను పొద్దుటినుంచీ ఆల్డెన్ ముఖాన్నే చూస్తున్నాడు.

"నంబరు నూట పద్నాలుగు, టోబిన్ ప్రూయిట్" అన్నారు మైకులో. ఆల్డెన్ కళ్లు తెరిచాడు.

వరసలోని గన్‌లన్నీ ఒక్కసారి లేచాయి. పొద్దుటినుంచీ ఏ కుర్రవాడికీ తెరవని కళ్లవి.

టోబిన్‌కు ఇదంతా తెలియదు. అతనికి తెలిసింది అయిదు నిమిషాల క్రితం తల్లి చెవిలో చెప్పిన మాట ఒక్కటే: "వల వెనక గద్ద కాలేజీ కోచ్ ఉన్నాడు నాన్నా. కళ్లు మూసుకుని చప్పుడే వింటాడట. గట్టిగా మోగాలి." టోబిన్ బలం చప్పుడులో లేదు, గురిలో ఉంది. కాని జీవితంలో ఒక్కసారి వచ్చిన గద్ద కోసం అతను ఒళ్లంతా విల్లులా వంచి విసిరాడు. మొదటి బంతి క్యాచర్ తలకు పైనుంచి పోయింది. రెండవది నేలను తవ్వింది. మూడవది నేరుగా వచ్చి, సరిగ్గా ఆల్డెన్ ముక్కుకు ఎదురుగా వలలో గుచ్చుకుంది. రెండవ కుర్చీలోని మనిషి గన్‌తో సహా వెనక్కి పడ్డాడు. ఆల్డెన్ కదలలేదు. ఆయన కొడుకు భుజాన్ని చూస్తున్నాడు. ఇచ్చిన మాట ఆ క్షణంలో ఆయనకు గుర్తు రాలేదు.

"మోచెయ్యి జారిపోతోంది, నాయనా" అన్నాడు, పెరట్లో అన్నట్టే. "తొందరేం లేదు. మామూలుగా వెయ్యి."

మైదానం స్తంభించింది. కోచ్ మాట్లాడాడు. ఆట మధ్యలో, అందరూ వింటుండగా, పిల్లవాడితో మాట్లాడాడు.

హెగ్గర్టీ పరుగెత్తుకు వచ్చాడు. "సార్, మీరు ఎంత పెద్దవారైనా సరే, ఇక్కడ నియమం నియమమే. పైవాళ్లకి తెలిస్తే నా షోకేస్ మూయించేస్తారు. మీది ఏ కాలేజీ? పేరు చెప్పండి."

ఆల్డెన్‌కు ఇచ్చిన మాట అప్పుడు గుర్తుకొచ్చింది. పెదాల మీద వేలు పెట్టుకున్నాడు.

"చూశారా ఈ పొగరు" అన్నాడు మీక్స్. "మా అబ్బాయికి కన్ను తెరవలేదు, ఆ నూట పద్నాలుగుకి పాఠమే చెప్పాడు. మా వాణ్ణి మళ్లీ చూడాల్సిందే."

"మా వాణ్ణి కూడా" అన్నారు నలుగురు.

గొడవ గుడారం దాకా వినిపించింది. కొడుకును మెచ్చిన ఏకైక కోచ్‌ను గెంటేస్తున్నారని విని, మార్లీస్ మనుషుల్ని తోసుకుంటూ బయలుదేరింది. "ఆయన్నేం అనకండి" అంటోంది దారి పొడుగునా. "ఒక పెద్దమనిషి పిల్లాడికి ఓ మంచిమాట చెప్తే తప్పేమిటి? సార్, మీరు లేవకండి. మా వాడిలో ఏముందో మీకొక్కరికే అర్థమైంది, మీలాంటి వాళ్ల కోసమే మేము—"

ఆమె వల మలుపు తిరిగింది. కొంగ, దాని పైన భర్త ముఖం, దాని పక్కన పసుపుపచ్చ కప్పు.

"నువ్వా?" అంది.

ఆయన తల ఊపాడు.

"నోట్లో బెల్లం ముక్కుందా? మాట్లాడవేం?"

"నువ్వే వద్దన్నావుగా" అన్నాడు ఆల్డెన్.

మొదట ఊపిరి పీల్చుకున్నవాడు హెగ్గర్టీ: తండ్రి కొడుకుతో మాట్లాడరాదని ఏ నియమమూ లేదు. కాని తల్లిదండ్రులకు అటువంటి ఊరట లేదు. నీటిగొట్టాలవాడి కోసం తమ పిల్లలు పొద్దుటినుంచీ భుజాలు ఊడేలా విసిరారని తెలిసి, మరి అసలు కోచ్‌లెవరో చూపమని పట్టుబట్టారు. వరసలో ఒక్కొక్కరిని నిలదీయగా, మీక్స్‌తో సహా అయిదుగురు తండ్రులని తేలింది; కొడుకుల వేగం కొలుచుకోవడానికి ఎవరి గన్ వాళ్లు తెచ్చుకున్నారు. కిందపడ్డ మనిషి ఆ గన్‌లు అమ్ముకునేవాడు. మిగిలింది హాస్కెల్ బ్రాంట్ ఒక్కడు.

"మీరు ఎవర్ని చూశారు బాబూ?" అని అడిగింది డెనీస్, ఇంకా ఆశ చావక.

"ఈయన్నండీ" అన్నాడు హాస్కెల్, సిగ్గుపడుతూ.

ఈ రభస జరుగుతున్నంతసేపూ, మిట్ట మీద టోబిన్ మరో మూడు బంతులు విసిరాడు. ఆ గొంతు విన్న తరువాత అతను గద్ద మాటే మరిచిపోయాడు. దూది తేలుతున్న గాలిలోంచి ఆ మూడూ తాపీగా వచ్చి, కావలసిన చోట వంగి, క్యాచర్ గ్లవ్‌లో తమ ఇంట్లోకి వచ్చినట్టు వచ్చి కూర్చున్నాయి. అతని పదిహేడేళ్లలో అంత మంచి బంతులు లేవు. అందరూ ఆల్డెన్‌ను చూస్తున్నారు. ఆల్డెన్ మాత్రం వాళ్ల భుజాల మధ్య సందులోంచి వాటిని చూశాడు.

"చివరి మూడూ చూశావా నాన్నా?" అని అడిగాడు టోబిన్, ఇంటికి వస్తూ.

"చూశాను."

"ఇంకెవరన్నా చూశారా?"

ఆల్డెన్ నిజాయితీగా ఆలోచించాడు. "క్యాచర్ చూశాడు."

టోబిన్ కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. మార్లీస్ నవ్వు ఆపుకుంటోందో ఏడుపు ఆపుకుంటోందో ఇద్దరికీ అడిగే ధైర్యం లేకపోయింది.

సోమవారం హాస్కెల్ ఫోన్ చేశాడు. "ఆల్డెన్ గారూ, ఒక సాయం కావాలి. జూలైలో ఇంకో రెండు షోకేస్‌లున్నాయి. మీరొచ్చి ఓ మూల కూర్చోవాలి."

"నాకు ఆట గురించి అంతగా తెలీదు బాబూ. గడ్డి గురించైతే—"

"తెలియక్కర్లేదండీ. కళ్లు మూసుకుంటే చాలు. కోచ్‌లూ తండ్రులూ అంతా మీ చుట్టూ చేరతారు. నేను అవతలి మైదానంలో నాక్కావలసినవాణ్ణి తీరిగ్గా చూసుకుంటాను. మా హెడ్ కోచ్‌కి చెప్తే కడుపుబ్బ నవ్వి ఒప్పుకున్నారు. జట్టు సిబ్బందిలో మీ పేరు కూడా వేయించారు."

ఆల్డెన్ కిటికీలోంచి పెరట్లో బంతి విసురుతున్న కొడుకును చూశాడు. "వస్తాను" అన్నాడు చివరకు. "కానీ ముందు మీరు రావాలి. రేపు సాయంత్రం, మా బడి మైదానానికి. మీరూ మా వాడూ క్యాచరూ, అంతే. నేను ట్రక్కులో ఉంటాను."

హాస్కెల్ వచ్చాడు. రుసుము లేదు, మైకు లేదు, గుడారం లేదు. పొద్దు వాలుతుంటే టోబిన్ మామూలుగా విసిరాడు, హాస్కెల్ గన్ కింద పెట్టి చీకటి పడేదాకా చూశాడు. వెళ్తూ వెళ్తూ, "చోటిస్తానని ఇప్పుడే చెప్పలేను" అన్నాడు. "సెప్టెంబర్లో మా దగ్గరికి రా. మా వాళ్లతో కలిసి వేద్దువుగాని. మా కాలేజీకి ఓ ముక్క ముందే రాస్తే షోకేస్ లేకుండానే వచ్చేవాణ్ణి కదయ్యా."

మరుసటి ఏటి షోకేస్ కోసం హెగ్గర్టీ అచ్చు వేయించిన ప్రకటనలో, క్రితం జూన్‌లో వచ్చినవారిలో ఒకరిని ఓల్డ్‌హామ్ ఫెర్రీ కళాశాల ఇప్పటికే తీసుకుందని పెద్ద అక్షరాలతో ఉంది. ఏ పనికి తీసుకుందో, ఆయన వయసెంతో వేయలేదు.