పన్నెండంగుళాల పొట్టుకత్తి

మా ఆవిడ బుజ్జమ్మ పనసకాయ పొట్టు కొడుతుంటే కొత్తపేటలో మా వీధి చివరిదాకా వినిపిస్తుంది. దానికి ఆవిడకో ప్రత్యేకమైన కత్తి ఉంది. పన్నెండంగుళాల పొడవు, అరచేయంత వెడల్పు. మా పెళ్లయిన కొత్తలో కమ్మరి చేత చేయించుకుంది. నా మీద గౌరవం సంగతి ఎలా ఉన్నా, ఆ కత్తికి మాత్రం ఏటా దసరాకి పసుపు రాసి బొట్టు పెడుతుంది.

హైదరాబాదులో మా మరదలు ప్రసన్నకుమారి కొత్త ఫ్లాటుకు గృహప్రవేశం పెట్టుకుంది. వంటవాళ్లు ఉన్నారట గానీ, పొట్టుకూర మాత్రం అక్క చేతిదే కావాలట. అంటే రెండు పనసకాయలు, ఒక కత్తి, అన్నీ మోయడానికి నేను. పనసకాయ ఎత్తుకుంటే గుచ్చుకుంటుంది, దించితే దొర్లిపోతుంది, పక్కన పెట్టుకుంటే పక్క సీటువాడు లేచిపోతాడు.

కత్తి లేకపోతే పొట్టు లేదు. పొట్టు లేకపోతే పనసకాయలు లేవు. అందుకని ప్రయాణానికి రెండు రోజుల ముందు, ఫోనులో ఆయుధాల చట్టం వెతికి, కళ్లజోడు సవరించుకుని ఆవిడకు పైకి చదివి వినిపించాను. కత్తి పొడవు తొమ్మిదంగుళాలు దాటినా, వెడల్పు రెండంగుళాలు దాటినా ఆయుధం కిందే లెక్క. పైగా మనం వెళ్లేది వేరే రాష్ట్రం, ఎన్నికల రోజులు, దారిలో తనిఖీలు. దాని కింద ఇంకో ముక్క ఉంది. అది నాకు పనికొచ్చేది కాదు కాబట్టి చదవలేదు.

జైల్లో పెడతారా అని అడిగింది. ఏళ్లకి ఏళ్లు పెడతారన్నాను.

"ఆయ్, అయితే వద్దులెండి," అంది.

ముప్పయ్యేళ్ల కాపురంలో ఆవిడ ఇంత తొందరగా ఒప్పుకోవడం అదే మొదటిసారి. అప్పుడే అనుమానించవలసింది. సంబరంలో బుర్ర పనిచేయలేదు.

తీరా బయల్దేరే వేళకి ఒక పనసకాయ గోనెసంచిలో సిద్ధంగా ఉంది. అదైనా తీసుకెళ్లకపోతే చెల్లెలు చిన్నబుచ్చుకుంటుందనీ, అక్కడ ఏదో ఒక కత్తి దొరక్కపోదనీ చెప్పింది. సగం బరువు తగ్గించాను కదా అని సర్దుకున్నాను. నా బట్టల సంచి బరువుగా ఉందేమిటంటే, పూతరేకులు పెట్టానంది. పూతరేకులకు అంత బరువెక్కడిదని నేను అడగలేదు.

మధ్యాహ్నం మా బస్సు రాష్ట్రం దాటి మొదటి చెక్‌పోస్టు దగ్గర ఆగింది. డబ్బు, మందు దొరుకుతాయేమోనని ప్రతి బండినీ వెతుకుతున్నారు. బుజ్జమ్మ నీళ్ల సీసా కొనుక్కొస్తానని దిగి రోడ్డవతలికి వెళ్లింది. ఇద్దరు కానిస్టేబుళ్లు బస్సెక్కి, పైన పెట్టిన సామాన్లు తడుముకుంటూ వచ్చి, నా సంచి దగ్గర ఆగిపోయారు. ఒకతను జిప్పు లాగి, నా పంచెలో చుట్టిన పొడుగాటి వస్తువేదో బయటికి తీశాడు.

పంచె విప్పగానే ముందు సీటువాళ్లు లేచి దూరంగా జరిగారు. ప్రయాణం క్షేమంగా జరగాలని కాబోలు, బుజ్జమ్మ కత్తికి పసుపు రాసి మూడుచోట్ల కుంకుమ పెట్టింది. పంచెలో నలిగి ఆ కుంకుమ ఎర్రటి మరకలా పాకింది.

"ఈ సంచి ఎవరిది?" అన్నాడు కానిస్టేబులు.

చట్టం నాకు సగం కంఠతా వచ్చు. అదే నా కొంప ముంచింది.

"నాది కాదండి," అన్నాను.

అంతవరకు అది కత్తి. ఆ మాటతో కేసయింది. అందరినీ దించి ఎండలో వరసగా నిలబెట్టారు. ఎస్సైగారొచ్చి, సంచిని బల్ల మీద పెట్టించి, ఒక్కొక్క వస్తువూ తీయించారు. నా గళ్ల లుంగీ. నా బీపీ మాత్రలు. నా బనీను. ఒక్కొక్కటి బయటికొస్తుంటే నేను వరసలో ఒక్కో అడుగు వెనక్కి జరిగాను. వరసలో ఒకాయన నరబలి అని గొణిగాడు. ఒకావిడ తన పిల్లను కొంగు చాటుకు లాక్కుంది. బనీను కొలతను బట్టి మనిషికి పొట్ట ఉంటుందని కానిస్టేబులు తేల్చేసరికి, నేను పొట్ట లోపలికి పీల్చి ఊపిరి బిగబట్టాను.

అప్పుడు బుజ్జమ్మ నీళ్ల సీసాతో రోడ్డు దాటి వచ్చింది. వద్దని కళ్లతో సైగ చేశాను. ఆవిడ నన్ను చూసింది, బల్లను చూసింది, తిన్నగా ఎస్సైగారి దగ్గరికి నడిచింది.

"అది మావారి సంచేనండి. కత్తి నాది."

ఊపిరి వదిలేశాను. పొట్ట కూడా బయటపడింది.

గృహప్రవేశం గురించీ పొట్టుకూర గురించీ ఆవిడ చెప్పింది. ఎస్సైగారు నమ్మలేదు. పనసకాయను అలా కొట్టడం ఆయన ఎన్నడూ చూడలేదట. అయితే చూపిస్తానని, కాయ దింపించి, టీకొట్టులో చెంచాడు నూనె అడిగి చేతులకు రాసుకుంది. కత్తి చేతికివ్వడానికి కానిస్టేబులు వెనకాడాడు. ఎస్సైగారు ఇవ్వమని తల ఊపారు, తన చెయ్యి మాత్రం నడుం దగ్గర పిస్టలు మీద పెట్టుకున్నారు.

ఆవిడ ముళ్ల చెక్కు తీసేసి, టకటకమని కత్తి ఆడించింది. సగం కాయ అయ్యేసరికి బల్ల మీద కొబ్బరికోరంత సన్నటి పొట్టు పోగయింది. ఎస్సైగారు దాన్ని వేళ్లతో నలిపి చూసి, నడుం మీద చెయ్యి తీశారు. వంటకీ పొలం పనికీ చేసిన కత్తులకు ఆ తొమ్మిదంగుళాల లెక్క లేదనీ, అడిగినప్పుడు ఎందుకు తీసుకెళ్తున్నారో నిజం చెబితే చాలనీ అన్నారు.

"ఆయ్, మావారు చదివిన దాని కిందే ఉందండి ఆ ముక్క," అంది బుజ్జమ్మ. "ఆయన ఫోను వదిలేసి స్నానానికెళ్లేరు. నేను చదువుకున్నాను."

నా వైపు చూడకుండానే అంది.

కత్తిని తుడిచి, పంచెలో చుట్టి, మర్యాదగా ఆవిడ చేతికిచ్చారు. నన్ను వదల్లేదు. పోలీసులకు అబద్ధం చెప్పి నలభైమందిని ఎండలో నిలబెట్టినందుకు, ఇకముందు అలా చేయనని కాగితం రాయించారు. నేను సంతకం పెట్టాక, ఈ మనిషికి బాధ్యత ఎవరిదని ఎస్సైగారు అడిగారు. ప్రయాణికులందరూ బుజ్జమ్మ వైపు చూశారు. ఆవిడ నూనె చేతులు కొంగుకు తుడుచుకుని, పెన్ను అందుకుని, నింపాదిగా పూర్తి పేరు రాసింది.

కత్తికి లైసెన్సు అక్కర్లేకపోయింది. నాకే పూచీకత్తు కావలసి వచ్చింది.