మీ అమ్మగారి పేరే పెడదాం

దివిసీమ ఉప్పెన వచ్చిన పదో ఏడు సంజీవరావుకు ఆడపిల్ల పుట్టింది. ఆ వచ్చే ఆదివారం బాపట్లలో ఆరాధన అయ్యాక, చర్చి వాకిట్లో నలుగురూ చెప్పులు వేసుకుంటుండగా అతను ఒక ప్రకటన చేశాడు.

"ఆడపిల్ల పేరు విషయంలో నాకంటూ అభిప్రాయం లేదు. ఉండదు. ఉండకూడదు."

చెప్పులు వేసుకుంటున్నవాళ్లు అంత గొప్ప మాటకు ఒంటి కాలిమీదే ఆగిపోయారు. ఆ మాట అంటున్నప్పుడు కూడా అతని నాలిక చివర షీబా అన్న పేరు ఆడుతూనే ఉంది.

అంతకు ముందు ఏడు బాపట్లలో ఒక పెళ్లికి భార్య పుష్పలతతో కలిసి వెళ్లాడు. అక్కడ ఎవరో ఇంజనీరుగారి అమ్మాయి, జుట్టు భుజాల దాకా కత్తిరించుకుని, బూట్లు వేసుకుని పాట పాడింది. వాళ్లమ్మ "షీబా" అని పిలిస్తే పందిరంతా తిరిగి చూసింది. తనకు కూతురు పుడితే ఆ పేరేనని సంజీవరావు అక్కడే తేల్చుకున్నాడు. బైబిల్లో పేరు కాబట్టి చర్చిలో పేచీ లేదు. షోకైన పేరు కాబట్టి తను అద్దెకుండే వీధిలోనూ పేచీ లేదు.

పేచీ అల్లా పెద్దలతోనే. మొదటి ఆడపిల్లకు నాయనమ్మ పేరో అమ్మమ్మ పేరో పెట్టడం వాళ్లిళ్లలో ఆనవాయితీ. కొత్త పేరు ముందు ఎవరు ఎత్తితే వాళ్లు పెద్దల్ని తోసేసినవాళ్లవుతారు. పైగా సంజీవరావు తల్లి పేరు రాహేలు. రేపల్లె పక్క పల్లెలో ఊడ్పులకూ కోతలకూ పోయి కొడుకును చదివించిన మనిషి. ఆ పేరు బాపట్ల దాకా తెస్తే, పొలం నుంచి వచ్చిన కాళ్లు కడుక్కోకుండా ముందు గదిలోకి వచ్చినట్టు ఉంటుందని అతని బెంగ. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. తనకు తాను కూడా పూర్తిగా చెప్పుకోలేదు.

అందుకని ఒక ఉపాయం పన్నాడు. శనివారం పాసింజరుకు తెనాలి వెళ్లాడు. పుష్పలత పురిటికి పుట్టింట్లో ఉంది. మంచం పక్కన కూచుని, పిల్ల బొటనవేలు పట్టుకుని, వంటింట్లో ఉన్న అత్తగారు సుందరమ్మకు వినపడేటట్టు, "మీ అమ్మగారి పేరే పెడదాం" అన్నాడు.

ఈ కాలంలో సుందరమ్మ ఏంటండి, ఏదన్నా కొత్త పేరు చూడండి, అని పుష్పలత అనాలి. అప్పుడు తను కాసేపు కప్పు వైపు చూసి, ఏదో అప్పుడే తోచినట్టు షీబా అనాలి. ఉపాయం అది.

పుష్పలత మొగుడి వంక ప్రేమగా చూసింది. "మా అమ్మ పేరెందుకండి? మీ అమ్మగారి పేరే పెడదాం" అంది.

సంజీవరావు పిల్ల బొటనవేలు వదిలేశాడు. కాదంటే తల్లిని కాదన్నట్టు. సరేనంటే షీబా పోయినట్టు. అబ్బే, మీ అమ్మగారిదే న్యాయం అన్నాడు. అబ్బే, మీ అమ్మగారిదే ధర్మం అందావిడ. ప్రతి శనివారం ఇదే పని. బైబిల్లో రాహేలును పెళ్లాడడానికి యాకోబు ఏళ్ల తరబడి చాకిరీ చేశాడని పుష్పలత చెబితే, అది యాకోబు సొంత విషయమని సంజీవరావు వాదించాడు. ఇద్దరి మంచితనం పెరుగుతూ పోయింది. పిల్లకు మాత్రం పేరు లేదు. బుజ్జి అంటున్నారు.

ఈలోగా మాట తెనాలి అంతా పాకింది. చర్చి స్త్రీల సమాజంలో సుందరమ్మను పిలిచి ముందు వరసలో కూచోబెట్టారు. అల్లుడంటే అట్లా ఉండాలన్నారు. ఆవిడ ఆనందం పట్టలేక శనివారం శనివారం కోడి కోయించింది. ఆ కోడి తిన్నాక సంజీవరావుకు వెనక్కి తగ్గే దారి కూడా మూసుకుపోయింది.

ఇక తల్లే దిక్కనుకుని రేపల్లె బండెక్కాడు. ఆ ముసలి పేరు వద్దురా అని ఆవిడ నోటితో అనిపిస్తే చాలు. కోడలు నీ పేరు పెట్టాలంటోంది అని చెప్పాడు. రాహేలు చేటలో బియ్యం చెరుగుతోంది. చేట ఆగింది.

"నన్ను పేరెట్టి పిలిచినోళ్లంతా పని చెప్పడానికే పిలిచార్రా, అయ్యా. ఇప్పుడు ముద్దు చెయ్యడానిక్కూడా పిలుస్తారంటావా?"

"పిలుస్తారమ్మా" అన్నాడు.

తిరుగు బండిలో చాలాసేపు కిటికీలోంచి బయటికే చూశాడు. తెనాలి వచ్చేసరికి మనసు మళ్లీ కుదుటపడి షీబా అంది.

ఈస్టరుకు ముందు వచ్చే మట్టలాదివారం నాడు తెనాలిలో బాప్తిస్మం. బిడ్డను ఎత్తుకున్న జ్ఞానతల్లే పాస్టరు అయ్యగారికి పేరు చెప్పాలి. జ్ఞానతల్లిగా సుందరమ్మ ఉండాలని అల్లుడు, రాహేలు ఉండాలని కోడలు పట్టుబట్టారు. చివరకు ఇద్దరు ముసలమ్మలూ ఒకే పిల్లను చెరోపక్క పట్టుకుని నీళ్ల తొట్టి ముందు నిలబడ్డారు. సంజీవరావు లోపల సంతోషించాడు. ఎవరి పేరు వాళ్లు చెబుతారు. తగువు పడుతుంది. అయ్యగారు తండ్రిని తీర్పు అడుగుతారు. ఇరుపక్షాల శాంతి కోసం తను షీబా అంటాడు. ముందుగానే గొంతు సవరించుకున్నాడు.

"బిడ్డ పేరేంటమ్మా?" అని అయ్యగారు అడిగారు.

"రాహేలు" అంది సుందరమ్మ.

"సుందరమ్మ" అంది రాహేలు.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. నా అల్లుడు నా పేరు పెడదామన్నాడు, ఆ మాట చాలు నాకు, పిల్ల మీ ఇంటిది అంది సుందరమ్మ. "నా కోడలు నన్ను తల్చుకుంది, వదినా. నా కడుపు నిండింది. పిల్లకి నీ పేరే ఉండాల" అంది రాహేలు, చెంగుతో కళ్లు తుడుచుకుంటూ. వెనక ఇంకా పిల్లలు వరసలో ఏడుస్తున్నారు. అయ్యగారు తండ్రి వైపు తిరగనైనా తిరగలేదు. "సుందర రాహేలూ" అని పిలిచి ముమ్మారు నీళ్లు పోశారు. షీబా అనడానికి తెరిచిన నోట్లోంచి సంజీవరావుకు ఆమెన్ అన్న మాట వచ్చింది.

ఇంటికి రాగానే పుష్పలత గది తలుపు వేసింది.

"ఒక్కసారన్నా ఈ పాత పేర్లు వద్దనరేంటండి మీరు? ఆ పెళ్లిలో విన్నప్పట్నుంచీ నా మనసులో షీబా ఉంది."

"ఆ ముక్క ముందే చెప్పి చావొచ్చుగా. నా మనసులోనూ అదే ఉంది."

బయట వసారాలో ముసలమ్మలు వంతులేసుకుని "సుందర రాహేలూ, నా తల్లీ" అని పిలుస్తున్నారు. పిలిచినప్పుడల్లా పిల్ల నవ్వుతోంది.

మర్నాడు పొద్దున సంజీవరావు మొదటి బండికి బాపట్ల పోయి, జిలేబీల పొట్లంతో ఆఫీసులో అడుగుపెట్టాడు. పక్క సీటు వెంకటప్పయ్య, పిల్ల పేరేంటని అడిగాడు. విని జిలేబీ కొరకబోయి ఆగాడు. సంజీవరావు గొంతు తగ్గించి, "పెద్దాళ్ల మొండిపట్టండి. నేనెంత చెప్పినా విన్లేదు" అన్నాడు.

అక్కణ్నుంచి సూపరింటెండెంటు పూర్ణచంద్రరావుగారి గదిలోకి వెళ్లాడు. ఆయన పేరు విని కళ్లజోడు తీశారు. "ఇద్దరు పెద్దవాళ్ల పేర్లూ కలిపి పెట్టావా? మా అమ్మ పేరు నేను పెట్టుకోలేకపోయానయ్యా. ఇప్పటికీ అదే బాధ నాకు" అన్నారు.

సంజీవరావు చేతులు కట్టుకుని తల వంచాడు.

"ఇంట్లో ఎవరూ ఒప్పుకోలేదండి. ఆ పెద్దాళ్లే వద్దన్నారండి. నేనే పట్టుబట్టి పెట్టించానండి" అని, ఆయన పళ్లెంలో ఇంకో జిలేబీ వేశాడు.

గది తలుపు తీసే ఉంది. బయట వెంకటప్పయ్య నమలడం ఆపాడు.