అరవై గుడ్లు, ఒక దరఖాస్తు

ఆ ఉదయం ప్రూఫ్ రీడరు వేసుకున్న పథకం చాలా చిన్నది. ప్రెస్సుకు సెలవు పెట్టి, కరెంటు పోయినప్పుడు ఇంటిని ఆదుకునే ఏర్పాటేదో తేల్చేయాలి. వెనక గదిలో అతని భార్య నడుపుతున్న పొదిగే పెట్టెలో అరవై కోడిగుడ్లు పద్దెనిమిదో రోజుకొచ్చాయి. ఇంకో మూడు రోజుల్లో పిల్లలు బయటికి రావాలి. కరెంటు ఒక పూట పోయిందంటే అన్నీ మురిగిపోతాయి. పోయిన విడత అలాగే పోయాయి. అప్పుడు ఆవిడ రెండు రోజులు పొయ్యి వెలిగించలేదు.

"ఇన్వర్టర్ పెట్టించు బావా, చప్పుడుండదు," అన్నాడు ఎలక్ట్రీషియన్ పని చేసే బావమరిది.

"బ్యాటరీలో యాసిడ్ ఉంటుందిగా. దానికి రసాయనాల శాఖ అనుమతి కావాలట."

"పోనీ, సోలార్ పలకలు?"

"డాబా మీద పెడితే ఇంకో అంతస్తు కింద లెక్కట. ఇంటి ప్లాను మళ్లీ గీయించాలి."

"చిన్న జనరేటర్ కొనుక్కోరాదూ?"

"దానికైతే ఒక్క ఫారమే."

ఒక్క ఫారమేనని సంబరపడటమే అతని కొంప ముంచింది. అందులో నలభై రెండు గడులున్నాయి. అక్కర్లేని గడిలో గీత పెట్టి వదిలేయొచ్చని లోకమంతా ఎరుగును. ఇరవయ్యేళ్లుగా ఇతరుల తప్పులు దిద్దుతున్న ఈ మనిషికి మాత్రం ఖాళీ గడి కనిపిస్తే కాలూ చెయ్యీ ఆడదు. 'ఉత్పత్తి అయిన విద్యుత్తును ఎవరెవరు వాడుకుంటారు?' అన్నచోట తన పేరు, భార్య పేరు రాశాడు. ఇంకా జాగా మిగిలింది. పక్కింటి టైలరమ్మ ఎప్పుడైనా ఇస్త్రీ చేసుకోవచ్చు కదా అని ఆవిడ పేరు కూడా రాసి, కరెంటాఫీసులో ఇచ్చొచ్చాడు.

మధ్యాహ్నం భోజనాల వేళకు లైన్‌మన్ వచ్చి, స్తంభమెక్కి, ఇంటి వైరు పీకేశాడు. తెగిన తీగ అతికించడానికి మూడు రోజులు తీసుకునే శాఖ అది. పీకడానికి మూడు గంటలు చాలాయి.

"బయటివాళ్లకి కరెంటిస్తే అది విద్యుత్ కేంద్రమండి. కేంద్రాలకి మేం సప్లై ఇవ్వకూడదు," అన్నాడు లైన్‌మన్.

"జనరేటర్ ఇంకా కొననే లేదయ్యా."

"అది నాకు తెలీదండి. నన్ను పీకమన్నారు."

పెట్టెలో వేడి పడిపోతోంది. భార్య దాని మీద దుప్పటి కప్పి, "ఆ ఒక్క గడీ వదిలేస్తే మీ సొమ్మేం పోయిందండీ?" అంది. బావమరిది పరుగున వెళ్లి టైలరమ్మ ఇంట్లోంచి వైరు లాగాడు. పెట్టె మళ్లీ వెలిగిందో లేదో, తనిఖీ అధికారి జీపు దిగాడు.

"అనుమతి లేని కేంద్రం, పైగా అనుమతి లేని వైరు. ఈ యంత్రాన్ని స్వాధీనం చేసుకుంటున్నాం," అని నోటీసు చేతిలో పెట్టాడు.

ప్రూఫ్ రీడరు అలవాటు కొద్దీ నోటీసును అడుగున ఉన్న సన్నక్షరాల దాకా చదివాడు. "స్వాధీనం చేసుకున్న వస్తువును ఏ స్థితిలో ఉన్నదో ఆ స్థితిలోనే భద్రపరచాలని ఉందండీ. ఇది నడుస్తోంది. మీరూ నడుపుతూనే ఉండాలి."

అధికారి రెండుసార్లు చదువుకున్నాడు. నిబంధన నిబంధనే. పెట్టె దుప్పటితో సహా జీపెక్కింది. ఆఫీసు వరండాలో లారీ అంత జనరేటర్ ఉంది. పెట్టెను దానికి తగిలిస్తుంటే, దీనికి అనుమతి ఎవరిచ్చారని వెంట వెళ్లిన బావమరిది అడిగితే, "మాకు మేమే," అన్నాడు అధికారి, ఏమాత్రం సిగ్గుపడకుండా.

మూడో రోజుకు అధికారి బల్ల మీద యాభై రెండు పిల్లలు కీచుకీచుమంటున్నాయి. ఆలుమగలు బుట్ట పట్టుకుని పరుగెత్తుకెళ్లారు. భార్య కళ్లలో నీళ్లు తిరిగాయి. అధికారి రిజిస్టరు తిప్పాడు.

"మేం తీసుకున్నవి గుడ్లమ్మా. పిల్లల్ని అప్పగించే నిబంధన లేదు."

"నా పిల్లల్ని నాకివ్వడానికి మీకు నిబంధన కావాలా?" అందావిడ.

ప్రూఫ్ రీడరు భార్య చెయ్యి పట్టుకుని ఆపాడు. "వద్దులే. రిజిస్టరులో ఉన్నట్టే ఇవ్వండి సార్. మా అరవై గుడ్లు మాకిచ్చేయండి."

అధికారి పిల్లల వంక చూసి, నిబంధనల పుస్తకం తిరగేశాడు. అవి ఎదిగి, అరవై గుడ్లు పెట్టేదాకా ఆఫీసే మేపాలని నిబంధనల ప్రకారం తేలింది. దాణా మంజూరు చేయమని అధికారి పై ఆఫీసుకు ఫారం పంపితే, నాలుగు గడులు ఖాళీగా ఉన్నాయని తిప్పి పంపారు.