భుజాన వేసుకునే సంచి

ఆ ఉదయం దర్జీ వేసుకున్న పథకం చాలా చిన్నది. కడుపులో గడ్డ తీయించుకుని పద్దెనిమిది రోజులకు ఇల్లు చేరిన భార్యను వీధి గుమ్మం దాకా నడిపించి, కాసేపు ఎండలో కూర్చోబెట్టాలి. మూత్రం గొట్టం చివర వేలాడే ప్లాస్టిక్ సంచి నలుగురి కంట పడుతుందని ఆవిడ గది దాటడం లేదు. అందుకని మంచి నీలం గుడ్డతో దానికో తొడుగు కుట్టాడు. పొడవాటి పట్టీ కూడా పెట్టాడు. సంచి అన్నాక భుజానికే కదా వేలాడాలి!

"బాగుందా?"

"చాలా బాగుందండీ," అంటూ ఆవిడ భుజాన వేసుకుంది.

రెండు గంటలైనా సంచిలోకి చుక్క రాలేదు. మూత్రం ఆగితే వెంటనే తీసుకురమ్మని ఆస్పత్రిలో చెప్పారు. మళ్లీ ఆ ఆస్పత్రి మంచం ఎక్కితే ఆవిడ దిగుతుందో లేదోనని దర్జీ భయం. ఇంటికొచ్చి చూసిపోయే నర్సుకు ఫోన్ చేసి, రెండు గ్లాసుల నీళ్లు తాగించాడు.

"రెండు గ్లాసులేంటి బావా, చెంబుడు పట్టించాలి!" అని ఆవిడ చెల్లెలు పట్టించింది. పట్టించి, ఆస్పత్రికి బట్టలు సర్దుతూ ఏడుపు లంకించుకుంది. ఆరు నెలలుగా 'రేపు రండి' వింటూ చొక్కా కోసం తిరుగుతున్న ఒకాయన, సంగతి విని కారు తేవడానికి పరిగెత్తాడు. ఆవిడ మాత్రం పొట్ట పట్టుకుని, పళ్లు బిగబట్టి కూర్చుంది.

నర్సు, కారు ఒకేసారి వచ్చాయి. నర్సు ఆవిడ భుజం మీది సంచి తీసి మోకాలి దగ్గర పెట్టింది. సంచి గబగబా నిండింది.

"నీళ్లు పైకెక్కుతాయా బాబాయ్? నడుము కిందే ఉండాలని ఇద్దరికీ చెప్పానుగా!"

నర్సు అది చెప్పిన రోజు దర్జీ వినలేదు. కళ్లతోనే సంచి కొలత తీసుకుంటున్నాడు.

"నాకు గుర్తుంది," అంది ఆవిడ.

"మరి చెప్పవేమే?"

"ముప్పై ఏళ్లుగా దిండు గలీబు అడిగినా రేపన్నారు. నాకోసం కుట్టింది ఇదొక్కటే. ఎలా తీసేయమంటారు?"

దర్జీకి కన్నీళ్లు ఆగలేదు. పట్టీ కుట్లు విప్పేసి, కాలికి కట్టేలా కుట్టడానికి టేపు పట్టుకుని ఆవిడ ముందు కూలబడ్డాడు. ఊళ్లో అందరి కొలతలూ నోటికొచ్చినవాడికి ఆవిడవి తెలియవు. కాలు పుల్లలా చిక్కిపోయింది. ఇంకెంత కాలమో డాక్టర్లు తేల్చి చెప్పలేదు.

"ఎప్పటికిస్తారు?" అంది ఆవిడ నవ్వుతూ.

నోటిదాకా వచ్చిన మాట మింగేసి, "ఇప్పుడే," అన్నాడు దర్జీ.

గుమ్మంలో నిలబడ్డ చొక్కా ఆయన, ఆ మాట అన్నదెవరా అని చుట్టూ చూశాడు.